అత్తయ్య బుట్టలో ఏముంది

పిల్లల నాన్నకు, ప్రభువు పేరిట వందనాలతో వసీతి రాస్తున్నది.

దేవుడి దయవల్ల ఇక్కడ దీవిలో అందరం బాగున్నాం. మీ అమ్మ మరీ బాగుంది. నా అనుమానమంతా ఆ బాగుండటం మీదే.

సీనాయిలో మోషే జనానికి మన్నా కురిస్తే, మా పటాలానికి డబ్బా మాంసమే కురుస్తోందని రాశారు. సణగకుండా తినండి. ఆ ఎడారిలో సణిగినవాళ్ళ గతి ఏమైందో మీకు తెలియంది కాదు. వంటింటి రేకు మీ తమ్ముడు బిగించాడు, అది ఇంకా కారుతూనే ఉంది. ఇక అమ్మ కోలుకుందా, ఏడుస్తోందా అని అడిగారు. ఈ ఉత్తరం దాని గురించే.

మామయ్య అంత్యక్రియలకు మీరు వచ్చినప్పుడే కదా, ఆయన గౌరవార్థం మన ఇంటి ముందు సముద్రాన్ని పగడపు దిబ్బ దాకా నూరు రాత్రులు మూశారు. అంతవరకు ఎవరూ గాలం, వల దించకూడదు. గడువు తీరాక మొదటి వల మన ఇంటివాళ్ళు వేయాలి, ఆ చేపలతోనే ఊరికి కృతజ్ఞతా విందు. ఈలోగా ఎవరైనా దొంగచాటుగా పడితే ఆ వల ఖాళీగా వస్తుందంటారు. మామయ్య పేరు మీద ఖాళీ వల! తలుచుకుంటే నాకు ముద్ద దిగడం లేదు.

ఎందుకంటే, నల్లబట్టలతో ఇంటిపట్టున ఉండవలసిన మీ అమ్మ, శనివారం మధ్యాహ్నం కాగానే గుడ్డ కప్పిన బుట్ట పట్టుకుని, పిల్లలిద్దరినీ వెంటేసుకుని మడచెట్ల వైపు మాయమవుతోంది. సాయంత్రానికి ముగ్గురూ తడిసి, పొగ వాసనతో వస్తున్నారు.

"ఎక్కడికెళ్ళారే?" అని మెరెసెయినిని నిలదీశాను.

"ఎక్కడికీ లేదమ్మా."

"మరి ఆ తడేంటి?"

"చెమట," అన్నాడు తోమసి, అక్క నోరు తెరవకముందే. వాడు మీ కొడుకే, సందేహం లేదు.

పైగా పక్కింటి ఉనాయిసి కంచె మీదికి వంగి, "మీ అత్తగారి బుట్ట వచ్చేటప్పుడు కాస్త బరువుగానే ఉంటోంది సుమా," అంది. అది అన్నదంటే ఊరు అన్నట్టే. నాకు ఆ వారమంతా కంటిమీద కునుకు లేదు.

పోయిన శనివారం వాళ్ళ వెనకే వెళ్ళి మడచెట్ల చాటున నక్కాను. ఒడ్డున చిన్న మంట మీద పనసలాంటి ఆ బ్రెడ్‌ఫ్రూట్ కాలుతోంది. గాలం లేదు, వల లేదు. ముగ్గురూ నడుము దాకా నీళ్ళలో కూర్చుని ఉన్నారు.

"మా పిల్లి నాలుగు పిల్లల్ని పెట్టింది. స్తోత్రం ప్రభువా," అంది మెరెసెయిని.

"నాన్నకి ఇసుకలో తేలు కుట్టలేదు. స్తోత్రం," అన్నాడు తోమసి.

ఆ తర్వాత మీ అమ్మ. "ముసలాడు నలభై ఏళ్ళు గురక పెట్టి నా నిద్ర చెడగొట్టాడు. ఆ గురకకి స్తోత్రం తండ్రీ. ఇప్పుడది లేక నిద్ర పట్టట్లేదు." అని నవ్వింది. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నవ్వుతూనే ఉంది.

సరిగ్గా అప్పుడే ఎర్రచీమలు నా కాలి మీదికి పాకాయి. కెవ్వుమని గెంతాను.

"ఏమే కోడలా, దొంగల్ని పట్టుకోడానికొచ్చావా? రా, దొంగసొత్తు తిందువుగాని," అంది. బుట్టలో పుల్లలు, కొబ్బరికాయలు, ఇంటికి తెచ్చేటప్పటికి తడిసి బరువెక్కే తువాళ్ళు. అంతే.

"నాకు చెప్పొచ్చుగా అత్తయ్యా?"

"నల్లబట్ట కట్టుకుని నవ్వానని తెలిస్తే ఉనాయిసి ఊరుకుంటుందా? చర్చిలో అందరూ నేను ఏడుస్తున్నానా లేదా అని మొహంలోకి చూస్తారు. సముద్రం చూడదు. సర్లే, ఇప్పుడు నీ వంతు."

నేను చీమల్ని దులుపుకుంటూ ఒడ్డునే ఆగాను. మీకు గుర్తుందిగా, రెండేళ్ళ కిందట చర్చిలో లేచి నిలబడి, కడుపులో బిడ్డకు స్తోత్రం చెప్పాను. ఆ వారంలోనే బిడ్డను పోగొట్టుకున్నాం. అప్పట్నుంచి అందరినీ అనుమానించినట్టే దేవుణ్ణీ అనుమానిస్తున్నాను. ఇచ్చినదానికి స్తోత్రం చెబితే, ఆయనకు గుర్తొచ్చి తీసేసుకుంటాడేమోనని.

అందుకే మీకూ చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. మీరు అంత్యక్రియలకు వచ్చి వెళ్ళినప్పటి నుంచి నాకు నెల తప్పింది. ఇప్పుడు మూడో నెల.

నేను నోరు విప్పకముందే మీ అమ్మ, "నాకు తెలుసే. పొద్దున్నే డబ్బా చేపల పులుసు వాసనకి పెరట్లోకి పరుగెడుతున్నావ్. నువ్వు నా బుట్ట మీద కన్నేస్తే, నేను నీ కడుపు మీద కన్నేశా," అంది.

"మళ్ళీ తీసుకుంటేనో అత్తయ్యా?"

ఆమె దిబ్బ వైపు చూసింది. "తీసుకోడని నేనెలా చెప్పను? నా ముసలాణ్ణి తీసుకోలేదూ? ఇవాళ ఉంది కదా, ఇవాళ్టికి చెప్పు."

నేను నడుముకు చుట్టుకున్న సులు గుడ్డ ఎగ్గట్టుకోకుండానే నీళ్ళలోకి దిగి ఆమె పక్కన కూర్చున్నాను. పిల్లలకు కూడా వినపడనంత మెల్లగా చెప్పాను. రెండేళ్ళ తర్వాత గుండెల నిండా ఊపిరి అందింది.

వచ్చేటప్పుడు బుట్ట నేను పట్టుకుంటానంటే, బరువెత్తకూడదంటూ అత్తయ్య ముట్టుకోనివ్వలేదు. ఉనాయిసి నా తడిబట్టల వంక చూసి, ఏంటని అడిగింది. చెమట అన్నాను.

ఇది చదివి అక్కడ గంతులేయకండి. ఒక్కరే గుడారం బయటికి వెళ్ళి, మీరూ ఒక స్తోత్రం చెప్పండి. మెల్లగానే చెప్పండి. నా అనుమానం ఇంకా పూర్తిగా పోలేదు.

ఇట్లు,
మీ అమ్మకు తగ్గ కోడలు,
వసీతి