అక్షరాల బియ్యం

అమ్మా,

నువ్వున్నప్పుడూ నీకు చదవడం రాదు. అయినా రెండో తరగతిలో ఆగిపోయిన అక్షరాలతో నీకే రాస్తున్నాను.

నువ్వు పోగానే నాన్న నన్ను సాలూరులో, నువ్వు పాచిపని చేసిన నాయుడుగారింట్లోనే వదిలేసి కొత్తవలస రైలుకట్ట పనికి పోయాడు. మళ్లీ రాలేదు. వీళ్లు నన్ను వదలరు.

ఇవాళ దసరా. వాళ్ల బాబుకి పళ్లెంలో బియ్యం పోసి అక్షరాభ్యాసం చేశారు. నా ఒళ్లోంచి దిగనని బాబు ఏడిస్తే, పంతులుగారు "నువ్వే వాడి వేలు పట్టి దిద్దించు" అన్నారు. దిద్దించాను.

ధైర్యం చేసి, "నన్నూ బడికి అంపండమ్మా" అని నాయుడుగారి భార్యని అడిగాను.

"నువ్వెల్తే ఈడ్ని ఎవులు సూస్తారే? ఆ బియ్యం కడిగి ఒండు" అంది.

నేను దిద్దించిన అక్షరాలని నేనే కడిగాను. అన్నం వాళ్లు తిన్నారు. గంజి నాకు పోశారు.