నీ కారులో గ్యాస్ ఎటు పోతోందో తెలిసింది

తిరువూరు,
వైశాఖ బహుళ చవితి.

తమ్ముడూ,

నిన్న నీ సంవత్సరీకం జరిపించాం. ఈ రోజు నీ కారు ఏసీ సంగతి తేలింది, అందుకే రాస్తున్నాను.

నీ భార్య సరళకు వారానికి రెండుసార్లు విజయవాడలో డయాలిసిస్. తిరిగి వచ్చేటప్పుడు కారులో ఉడుకు తట్టుకోలేకపోతోంది. మైలవరం చేరేలోపే వాంతులు. "ఇంక నేను రాను వదినా" అని మొన్న తలుపు వేసుకుంది.

నువ్వు ప్రతి వేసవికీ ఏసీకి గ్యాస్ పట్టించేవాడివి. ఎలా అయిపోతోందిరా అంటే, "కారుక్కూడా దాహమేస్తుందక్కా" అని నవ్వేవాడివి. మెకానిక్‌దీ అదే పాట.

"ఈ ఏడూ గ్యాస్ కొట్టేస్తే సరిపోద్ది మామ్మగారూ."

"గ్యాసేమన్నా పెట్రోలా, ఖర్చయిపోవడానికి? ఎటు పోతోందో చూపించి, అప్పుడు కొట్టు."

లీకు పట్టడానికి ఏసీ గొట్టాల్లోకి నైట్రోజన్ ఎక్కించి, అతుకుల మీద సబ్బు నీళ్లు పోశాడు. అవి జారిపోయాయే గాని ఏమీ కనబడలేదు. నేను కుంకుడుకాయలు నలిపి, చిక్కటి నురగ తెచ్చి రాయమన్నాను.

"కారుకి తలంటా మామ్మగారూ?" అన్నాడు.

కంప్రెసర్ దగ్గరి అతుకు మీద నురగ నిలిచింది. కాసేపటికి అందులోంచి ఒక బుడగ లేచింది, దాని వెనకే ఇంకొకటి. విప్పి చూస్తే లోపలి రబ్బరు రింగు పగిలి ఉంది. ఇన్నేళ్లూ అదే.

ఇక జరగవలసినవి:

1. రేపు కొత్త రింగు వేసి, మళ్లీ నురగ రాసి చూడాలి. బుడగ లేస్తే గ్యాస్ పట్టకూడదు.
2. గ్యాస్ బానెట్ కింద రాసి ఉన్నంతే ఎక్కించాలి, అందాజుగా కాదు.
3. ఎల్లుండి పొద్దున ఆరింటికి సరళ బయలుదేరాలి. రానంటే నేనే చెయ్యి పట్టుకుని కారెక్కిస్తాను.
4. తిరుగు దారిలో ఆమె నిద్రపోవాలి.