మోకాళ్ల పొడి

అత్తమ్మా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలుసు. అయినా ఈ సంగతి నీకే చెప్పాలి.

నీ మోకాళ్ల నొప్పులకు పొడి ఇచ్చిన మైలార్‌దేవ్‌పల్లి వైద్యుడి దగ్గరకే నేనూ మూడు నెలలు తిరిగాను. ఆ పొడి వేసుకుని ఎయిర్‌పోర్టులో రోజంతా నిలబడి నేల తుడిచాను. తర్వాత మొహం ఉబ్బింది. చిన్న మాటకే అరిచేదాన్ని, ఊరికే ఏడ్చేదాన్ని. దవాఖానలో డాక్టరమ్మ పొట్లం చూసి, "స్టెరాయిడ్ కలిపినట్టున్నారు. నొప్పి తగ్గుతుంది కానీ మనిషి మనసే మారిపోతుంది. మెల్లగా మాన్పిస్తాను" అంది. మానుతున్న కొద్దీ మోకాళ్లు మళ్లీ వాచాయి.

ఆ కాళ్లతోనే నిన్న ఆ వైద్యుడి దగ్గరకు వెళ్లి, వరసలో ఉన్నవాళ్లందరి ముందూ అడిగాను.

"ఏంది నువ్వు కలిపేది? మా అత్త కూడా గిట్లనే ఉబ్బింది."

వాడు సిగ్గు లేకుండా నవ్వాడు. "నొప్పి తగ్గిందా లేదా అక్కా?"

వాడి మొహాన ఉమ్మేయాలనిపించింది. ఇంతలో వెనక ఉన్న ముసలామె నన్ను నెట్టి, "జర జరుగు బిడ్డా, నాకు తీసుకోనీ" అని చెయ్యి చాపింది. ఆమెను చూసినా అసహ్యమే వేసింది.

కానీ వాళ్లందరికంటే నీచురాలిని నేను. నువ్వు కంచం విసిరిన రోజు, "ముసల్దానికి పిచ్చి లేసింది" అని వాడకట్టంతా వినేలా అన్నాను. చుట్టాలొచ్చినప్పుడు నిన్ను గదిలో పెట్టి గొళ్లెం వేశాను.

"తలుపు తియ్యి బిడ్డా, నాకేం కాలే" అని లోపలి నుంచి పిలిచావు.

నేను టీవీ సౌండు పెంచాను.