పదహారో రీలు

మూడో తారీఖు

ప్రియమైన తమ్ముడికి,

ఇది నీకు రాస్తున్న మూడో ఉత్తరం. మొదటి రెండూ అందలేదని మాత్రం అనకు. మీ వీధి పోస్ట్‌మన్ మీద నాకు నీకంటే ఎక్కువ నమ్మకం. ఫోన్ చేద్దామంటే నీ చెవులు ఆ ప్రొజెక్టర్ల మోతకే పోయాయి. నేనొకటి అడిగితే నువ్వొకటి చెప్తావు, చివరికి ఇద్దరం అరుచుకుని పెట్టేస్తాం. అందుకే కాగితం.

సంగతి మళ్లీ మొదటినుంచీ చెప్తున్నాను, ఈసారైనా బుర్రకెక్కించుకో. మన హాలు పడగొట్టి కార్లు నిలుపుకునే చోటు చేస్తారట. మున్సిపాలిటీ వాళ్లు గేటుకి నోటీసు అంటించి నెల దాటింది. పేటలో వాళ్లమంతా కమిటీ అని ఒకటి పెట్టుకుని అర్జీ ఇచ్చాం. దాని మీద విచారణకి ఈ నెల పద్దెనిమిదిన ఒక ఆఫీసరమ్మ వస్తోంది. ఈ హాలుకీ ఈ పేటకీ ఉన్న సంబంధం ఏమిటో రుజువు చేస్తే పాత కట్టడాల జాబితాలో చేరుస్తారు. లేకపోతే పలుగూ పారా.

చరిత్ర రాసే పని తెచ్చి నా నెత్తిన పెట్టారు. ఇరవై ఎనిమిదేళ్లు టికెట్ కిటికీ వెనక కూర్చున్నదాన్ని కదా అని. నాకేం తెలుసురా? ఒక చెయ్యి దూరేంత కన్నంలోంచి కనిపించిందే నాకు తెలుసు. ఈ పేటలో అందరి చేతులూ గుర్తుపడతాను, మొహాలే తికమక. పైన మిషన్ గదిలో పద్నాలుగేళ్లు ఉన్నవాడివి నువ్వు. ఇంటర్వెల్లో గాజు పలక మీద సిరాతో రాసి తెరమీద వేసేవాడివి, "మూడో వీధి నర్సమ్మగారు వెంటనే ఇంటికి వెళ్లాలి, కోడలికి నొప్పులు మొదలయ్యాయి" అని. ఆ కాన్పులో పుట్టినవాడే ఇప్పుడు కమిటీ కార్యదర్శి. అలాంటివి రాసి పంపమంటే నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నావు.

ఇంకో మాట. విచారణ రోజు మధ్యాహ్నం ఆ ఆఫీసరమ్మకి మన హాల్లోనే వంతెన సినిమా వేసి చూపించాలని అందరి పట్టుదల. నది అవతలి హాల్లో వారానికే ఎత్తేసిన సినిమా మన దగ్గర నూరు రోజులు ఆడింది కదా, అంతకంటే రుజువేం కావాలి? హాలు మూసి పదకొండేళ్లయినా, మన గేటు మీసాలాయన వారం వారం పైకెక్కి మిషన్ దుమ్ము దులుపుతూనే ఉన్నాడు. తిరుగుతోంది. నువ్వొచ్చి నడిపితే చాలు.

జవాబు రాయి. రాయకపోతే నేనే బస్సెక్కి వస్తాను, ఆ గొడవ నువ్వు పడలేవు.

కోపంగానే అయినా ప్రేమతో,
అక్క

*

ఏడో తారీఖు

ప్రియమైన అక్కకి,

ఉత్తరాలన్నీ అందాయి. షాపులో చేతినిండా పని. ఎండాకాలం ముందు ఈ ఊళ్లో ఫ్యాన్లన్నీ ఒకేసారి కాలిపోయి నా దగ్గరికే వస్తాయి. మోటార్లకి తీగ చుట్టి చుట్టి వేళ్లు వంగడం లేదు.

చరిత్రకి కావాలంటే రాసుకో: మిషన్లు రెండు. ఒకదాన్లో రీలు అయిపోతుండగా తెర పైమూలలో చుక్క పడుతుంది, అది చూసి రెండోదాన్ని అందుకోవాలి. పద్నాలుగేళ్లలో ఆ చుక్క నేను దాటేసింది రెండేసార్లు. రెండుసార్లూ జ్వరం.

నేను రాలేను. వంతెన సినిమా వేయొద్దు. పాత ప్రింటు ఎండిపోయి ఉంటుంది, పళ్లచక్రంలో పడితే పటపటా తెగుతుంది, ఆఫీసరమ్మ ముందు నవ్వులపాలవుతారు. ఇంకేదైనా వేసుకోండి. సినిమాలకేం కరువు?

మీసాలాయన్ని అడిగానని చెప్పు.

తమ్ముడు

*

పదో తారీఖు

ప్రియమైన మొండిఘటానికి,

నీ ఉత్తరం చదివి నా తల ప్రాణం తోకకొచ్చింది. ఫ్యాన్ల గురించి అరపేజీ, చుక్కల గురించి పావుపేజీ, అడిగినదానికి "రాలేను". ఎందుకు రాలేవు? కాలు విరిగిందా? ఎవరైనా కట్టేశారా?

ప్రింటు ఎండిపోలేదు. పాత సినిమాలు వేసే సంఘం ఆయన ఒకడు గోడౌన్లోంచి తీయించి, రీలు రీలూ గుడ్డతో తుడిచి చూసుకున్నాడు. పదహారు రీళ్లూ లక్షణంగా ఉన్నాయట. నువ్వు రాకపోతే తనే నడుపుతానన్నాడు. కాబట్టి ఆ సాకు చెల్లదు.

ఇక్కడ ఎవర్ని కదిపినా వంతెన సినిమానే. సోడా షాపాయన ఏమన్నాడో తెలుసా? "అమ్మా, మా ఆవిడా నేనూ మాటల్లేకుండా ఏడాది ఉన్నాం. కలపదుంగలు నడుపుకుంటూ నదిలో పోయిన మొగుడు, అందరూ చచ్చాడనుకున్నవాడు, చివర్లో వంతెన మీద నడిచొస్తాడు చూడండి, అప్పుడు తనే నా చెయ్యి పట్టుకుంది" అని. నది అవతలి హాల్లో చూసొచ్చిన వాళ్లెవరో "వాడు రాడు, చచ్చిపోతాడు" అంటే, మనవాళ్లు "నీకు సినిమా చూడ్డం రాదు, మధ్యలో నిద్రపోయుంటావు" అని కొట్టినంత పని చేశారట. అన్నీ రాసుకున్నాను, నలభై పేజీలొచ్చాయి.

నా గురించి కూడా ఒక పేజీ వేస్తారట. "వంతెన సినిమా చూసి, వెళ్లిపోయిన భర్త కోసం జీవితమంతా ఎదురుచూసిన టికెట్లమ్మ" అని శీర్షిక. కమిటీ కార్యదర్శి చదివి వినిపిస్తూ కళ్లు తుడుచుకున్నాడు. నాకు నవ్వొచ్చింది. హాలు నిలబడుతుందంటే నన్నెలా రాసుకున్నా నాకు ఫరవాలేదు.

నీకే ఎందుకు పట్టదు? ముప్ఫై రెండేళ్ల కింద ఉన్నపళంగా మిషన్ తాళం మీసాలాయన చేతిలో పెట్టి వెళ్లిపోయావు. పెళ్లికో చావుకో వచ్చినా, వచ్చిన బస్సు తిరిగెళ్లేలోపు వెళ్లిపోవడమే. ఆ హాలు నీకేం ద్రోహం చేసిందిరా? నేనేం చేశాను?

అడిగినదానికి జవాబు రాయి.

అక్క

*

పద్నాలుగో తారీఖు

ప్రియమైన అక్కా,

ఈ ఉత్తరం పద్దెనిమిదిలోపు అందాలి. అందగానే ఆ సినిమా ఆపించు. కారణం ఇప్పుడు చెప్తున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

ఆ సినిమాకి ఊరు మొత్తానికి ఒకటే ప్రింటు వచ్చింది. అవతలి హాల్లో ఆట మొదలైన అరగంటకి మన దగ్గర మొదలు. అక్కడ అయిపోయిన రీలు సైకిల్ మీద మనకొచ్చేది. మొదటిరోజు మ్యాట్నీకి పదిహేను రీళ్లూ వేళకే వచ్చాయి. పదహారోది రాలేదు. సైకిలాయన చెయిన్ తెగి దారిలో ఆగిపోయాడు. పదిహేనో రీలు వంతెన మీద అతను నడిచి రావడంతో అయిపోతుంది. తెర తెల్లబడింది. ఇంక కుర్చీలు విరగ్గొడతారనుకున్నాను. చూస్తే హాలంతా చప్పట్లు. జనం లేచి నిలబడ్డారు. సినిమా అయిపోయిందనుకున్నారు. మీసాలాయన కూడా తలుపులు తీసేశాడు. నేను తెర మూసి లైట్లు వేశాను.

మిషన్ గది కిటికీలోంచి నువ్వు కనిపించావు. ఇంటర్వెల్ తర్వాత కౌంటర్ కట్టేసి వచ్చి వెనక వరసలో చెప్పులు విప్పి కూర్చునేదానివి కదా. అందరూ వెళ్లిపోయినా నువ్వు లేవలేదు, తల వెనక్కి వాల్చి కూర్చున్నావు. కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి, నవ్వుతున్నావు. బావ పనికని వెళ్లి రెండేళ్లు. ఆ రెండేళ్లలో నువ్వలా నవ్వగా నేను చూడలేదు.

తర్వాత పదహారో రీలు వచ్చింది. ఆటకీ ఆటకీ మధ్య ఒక్కణ్ణే వేసుకుని చూశాను. వంతెన మీద అతను రావడం ఆమె కల, అక్కా. మెలకువొచ్చి చూస్తే వంతెన ఖాళీ. ఎవరో ఇద్దరు అతని చొక్కా తెచ్చి ఆమె చేతిలో పెడతారు. అంతే సినిమా.

నాకది వేయబుద్ధి కాలేదు. ఇంకో ఆట కూడా నువ్వు చూస్తావని తెలుసు. పదహారో డబ్బా బల్లకింద పెట్టేశాను. మీసాలాయనకి వంతెన పాట రాగానే తలుపులు తీసేయమని చెప్పాను. వారానికి అవతలి హాలు సినిమా ఎత్తేసింది, ప్రింటు మన దగ్గరే ఉండిపోయింది. నూరు రోజులు ఒక్క ఆటకి కూడా ఆ రీలు వేయలేదు.

జనాన్ని మోసం చేశానని కాదు నా బాధ. ఆరేళ్ల తర్వాత కాంపౌండరు నిన్ను చేసుకుంటానని మనిషిని పంపాడు. మంచివాడు. నువ్వు వద్దన్నావు. వంటింట్లోంచి విన్నాను, "వంతెన మీదకి ఎవరెప్పుడొస్తారో ఎవరికి తెలుసు" అన్నావు. ఆ రోజు నుంచి నీ మొహం చూడలేకపోయాను. చొక్కా చూపించాల్సిన చోట నీకు వంతెన చూపించాను. నీ జీవితం నేనే తినేశాను. అందుకే వెళ్లిపోయాను.

ఇప్పుడు ఆ పేజీ నీ గురించి అచ్చు వేస్తారట. దాని పక్కనే పదహారో రీలు చూస్తావు. వద్దక్కా. నీకు దండం పెడతాను.

తమ్ముడు

*

ఇరవై ఏడో తారీఖు

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం పంతొమ్మిదిన వచ్చింది. ఒక రోజు ఆలస్యం. అప్పుడు ఆ రీలు ఆలస్యం, ఇప్పుడు ఇది. చదివి వారం రోజులు కలం ముట్టుకోలేదు. ముట్టుకుంటే ఏం రాస్తానో అని భయమేసింది.

పద్దెనిమిదిన ఏం జరిగిందో ముందు విను. హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక సోడా షాపాయన తన బెంచీలు తెచ్చాడు. ఆఫీసరమ్మ నా పక్కన కూర్చుంది. వంతెన పాట రాగానే మీసాలాయన లేచి తలుపులు బార్లా తీశాడు. ఎవరూ చెప్పలేదు, అలవాటు. అతను వంతెన మీద నడిచొచ్చాడు, చప్పట్లు కొట్టారు, లేచారు, చెప్పులు వెతుక్కుని మాట్లాడుకుంటూ బయటికి వెళ్లిపోయారు. రెండు నిమిషాల్లో హాలు ఖాళీ. తెరమీద సినిమా నడుస్తూనే ఉంది.

ఆఫీసరమ్మ నన్ను చూసి, "వీళ్లంతా ఎక్కడికి వెళ్తున్నారండీ?" అంది.

"అయిపోయిందండీ," అన్నాను.

"మరి ఇదేంటి?"

ఆవిడా నేనూ, నాలుగొందల ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని పదహారో రీలు చూశాం. చొక్కా తేవడం చూశాం. ఆవిడ కాగితం మీద ఏదో రాసుకుంది. బయటికొచ్చి లోపల ఇంకా సినిమా ఉందంటే, "గోడౌన్లో వేరే సినిమా రీలు కలిసిపోయుంటుంది" అని సోడా షాపాయన తేల్చేశాడు. అందరూ అవునన్నారు.

మీసాలాయన్ని పక్కకి పిలిచి అడిగాను. "పదహారు డబ్బాలు మెట్లెక్కించింది నేనే కదమ్మా, నాకు లెక్క తెలీదా? తమ్ముడు వద్దనుకున్నాడు, ఏదో కారణం ఉండే ఉంటుందిలే అనుకున్నా" అన్నాడు. నీకంటే ఆయన నయం, మనసులో పెట్టుకుని హాయిగా నిద్రపోయాడు.

ఇక నీ సంగతి. మీ బావ దగ్గర్నుంచి నాకు ఉత్తరం వచ్చింది. ఎప్పుడో తెలుసా? ఆయన వెళ్లిన ఏడాదికి. అంటే నీ వంతెన సినిమా రావడానికి ఇంకో ఏడాది ముందు. "నా కోసం చూడకు, ఇక్కడ నాకు ఇంకో సంసారం ఉంది." అంతే, రెండు ముక్కలు. టికెట్ల డబ్బా అడుగున పెట్టేశాను, నీకు కూడా చెప్పలేదు. ఎందుకంటావా? ఎదురుచూసే ఆడదాన్ని వీధిలో మర్యాదగా చూస్తారు. మొగుడు వదిలేసినదానికైతే ప్రతివాడూ సలహా ఇస్తాడు. నాకు సలహాలు అక్కర్లేదు.

నీ పదహారో రీలు నా దగ్గర ముందే ఉందిరా. అది తెలిసి కూడా కూర్చుని చూశాను. ఇంకొకరి మొగుడైనా వచ్చాడు కదా అని ఏడుపొచ్చింది, అంత బాగా నడిచొచ్చినందుకు నవ్వొచ్చింది. కల అని తెలియకపోవడం వల్ల నాకేమీ చెడలేదు.

కాంపౌండరు పెళ్లయ్యాక కౌంటర్ మానేయాలన్నాడు. ఆ కిటికీ నాది. పొద్దున్నే తాళం తీసి, టికెట్ పుస్తకం పేర్చుకుని, మొదటి చెయ్యి లోపలికొచ్చేవరకు కూర్చునే ఆ పది నిమిషాలు నాకు ఏ మొగుడూ ఇవ్వలేదు. వద్దని మొహం మీద చెప్తే సంబంధం తెచ్చినావిడ నొచ్చుకుంటుందని సినిమా మాట ఒకటి అనేశాను. అది నువ్వు వంటింట్లోంచి విన్నావు. విన్నవాడివి ముందుగదిలోకి వచ్చి "ఎందుకక్కా?" అని ఒక్క మాట అడగలేకపోయావా? మిషన్ గది కన్నంలోంచి నన్ను చూసి నా మనసు చదివేశాననుకున్నావు. నేనూ నీ మనసు చదివేశాననుకున్నాను, అక్క బరువైందని పారిపోయాడనుకున్నాను. ముప్ఫై రెండేళ్లు అలాగే అనుకున్నాను.

నా జీవితం తినేశానని ఏడుస్తున్నావు. నా జీవితం నేనే తిన్నాను, తృప్తిగా తిన్నాను. నా తమ్ముణ్ణి ఎవరు తిన్నారు? దానికి జవాబు చెప్పు.

నిన్న ఆర్డరు వచ్చింది. ముందు గోడా టికెట్ కిటికీ ఉంచుతారట, వెనకదంతా పడగొడతారట. హాలు లేని కిటికీ ఎందుకని కమిటీ మొత్తం ఒంటికాలి మీద లేచింది. మళ్లీ అర్జీ పెడుతున్నాం, దాని మీద నాకు ఆశ లేదు. నా గురించి రాసిన పేజీ మాత్రం చింపించేశాను. ఆ చోట నీ గాజు పలకల సంగతి వేయమన్నాను, అది నువ్వే రాయాలి.

వచ్చే నెల పదిహేనులోపు మిషన్లు రెండూ కిందికి దించుకోమన్నారు. నేలకి బిగించిన బోల్టులు ఏవి ముందు విప్పాలో ఇక్కడ ఎవరికీ తెలీదు. విరగ్గొట్టి దించుతామంటున్నారు. మీసాలాయన మెట్ల మీద అడ్డంగా కూర్చున్నాడు, నువ్వొచ్చేదాకా కదలనంటున్నాడు.

ఆయన కూర్చుంటాడేమో, నేను కూర్చోను. ఎవరేం రాసుకున్నా, ఎదురుచూడడం నాకు ఎప్పుడూ చేతకాలేదు. ఏ బస్సుకి దిగుతావో టైము రాసి పంపు.

మీ అక్క