నీ పేరు రాసిన నా సీసా

ఏమప్పా,

కిడ్నీలు పాడై నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున కప్పగల్లు బడిలో గని లారీ డ్రైవర్లకూ వాళ్ల ఇంటివాళ్లకూ మూత్రపరీక్షలు చేశారు. మూత్రంలో మైటోకాండ్రియా డీఎన్ఏ ఎంతుందో చూస్తే, కిడ్నీ దెబ్బతినడం మొదట్లోనే పట్టుకోవచ్చేమోనని పరిశోధన చేస్తున్నారట. నేను నా సీసా ఇస్తుంటే నీతోపాటు లారీ తోలిన హనుమంతు నవ్వాడు.

"ఈసారి ఎవురిది వాళ్లే ఇయ్యాలంట వదినా. గనిలో పరీక్షప్పుడు అన్న ఇచ్చింది నీదే కదా, జబ్బు బయటపడితే పని పోతాదని."

"నాదా?"

"నీకు చెప్పలేదా?" అని నవ్వు ఆపేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది. "ఇంటోళ్లకీ చూస్తారంట, ఈ సీసాలో పట్టియ్యి" అన్నావు. తరవాత నీ పేరుతో మంచి రిపోర్టు తెచ్చి చూపించావు. కాళ్లు వాచినప్పుడు ఆసుపత్రికి పోదామంటే ఆ కాగితమే నా ముందు పెట్టావు. నేనూ నీ కాళ్లను వదిలి కాగితాన్ని నమ్మాను.

గనివాళ్లను మోసం చేస్తే చేశావు. నన్నెందుకప్పా?

ఇవాళ నా సీసా మీద నా పేరే రాయించాను. రిపోర్టు ఇంకా రాలేదు. అప్పట్లో నా కిడ్నీలు బాగున్నాయని మాత్రం తెలుసు. నీ రిపోర్టులో చూశాను.