నీ ఎర్ర కోటు నేనే తొడుక్కుపోయాను

బురుల్ తల్లీ, నీ పలచటి ఎర్ర కోటు కోసం వెతకకు. గొర్రెలకు మేత వేయడానికి నేనే తొడుక్కుపోతున్నాను. అవి నన్ను చూసి జడుసుకుంటే పాపం నీదే. నారిన్ పట్నం వెళ్ళే లారీ ఎక్కేముందు మీ నాన్నమ్మ గొర్రెతోలు కోటు వేసుకో. బిగుతు బూట్లు వద్దు, ఉన్ని బూట్లలో ఎండుగడ్డి కూరి పెట్టాను.

"తాతా, అది గొర్రె కంపు!" అంటావు. చలికి ముక్కు ఊడిపోతే ఏ కంపూ తెలియదులే. నీ వయసులో సోకుకు పోయి పలచటి కోటుతో కనుమ దాటాను. మీసం గడ్డకట్టి రాలిపడితే, గుర్రం గడ్డిపోచ అనుకుని నమిలేసింది.

మరిచాను: మీసం సంగతి వట్టి కోతలు. ఇది మాత్రం నిజం. ఆ గొర్రెతోలు కోటులోనే మీ నాన్నమ్మ మంచులో పురుడు పోసుకోవడానికి ఆస్పత్రికి ఒక్కతే వెళ్ళి, మీ నాన్నను అందులోనే చుట్టుకుని తిరిగొచ్చింది. కోటు భద్రంగా ఇంటికి రావాలి. లోపల నువ్వుండాలి.