నాన్న సమాధికి నీళ్లు

చెల్లీ ఫుసాయే,

ఆ శరత్కాలపు ఉదయం గుర్తుందా? కొండమీద నాన్న సమాధిరాయి కడుగుతూ నువ్వు బకెట్టెడు నీళ్లూ ఒక్కసారే గుమ్మరించావు. "మెల్లగా పొయ్యవే, మీ నాన్నకి చలెక్కువ!" అని అమ్మ కసిరితే పడీపడీ నవ్వాం. ఇప్పుడు అమ్మ కూడా ఆ రాయి కిందే ఉంది.

ఈ కొండల నడుమ మన చిన్న పట్టణంలో రెండో బడీ మూసేశారు. పక్క సమాధులకు పువ్వులు పెట్టేవారు లేరు.

నిన్న తమ్ముడు కియోనోరి తల దించుకుని అడిగాడు: "నీకూ నాకూ పిల్లల్లేరు. ఫుసాయే పిల్లలకి ఈ ఊరి దారే తెలీదు. మన తర్వాత ఈ కొండెవరెక్కుతారక్కా?" బుద్ధుణ్ణి తలచుకున్నాను.

వచ్చే నెల రాయి తీయించి, అమ్మానాన్నల అస్థికలు గుడిలో, పూజారులే అందరికీ కలిపి ప్రార్థనలు చేసే ఉమ్మడి గోతిలో కలపాలని సాయంత్రం నిర్ణయించాం. కలిపాక మళ్లీ వేరుచేయలేరు. ఆఖరిసారి రాయి నువ్వే కడగాలనీ అనుకున్నాం. నీళ్లు మెల్లగా పోద్దువుగాని.

అక్క